ఒక్క క్లోరిన్ దగ్గర ఆగడం: మోనోక్లోరోఎసిటిక్ ఆమ్లం తయారీపై ప్రసంగం

సభకు నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడబోయే పదార్థం మోనోక్లోరోఎసిటిక్ ఆమ్లం. పరిశ్రమలో దీని పూర్తి పేరు పలికేవారు తక్కువ, ఎం.సి.ఎ. అనే మూడక్షరాలతోనే పని జరిగిపోతుంది. ఎసిటిక్ ఆమ్లం అణువులో, ఆమ్ల గుణాన్నిచ్చే కార్బాక్సిల్ సమూహానికి ఆనుకొని ఒక మిథైల్ సమూహం ఉంటుంది, దానిమీద మూడు హైడ్రోజన్లు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని తొలగించి ఆ స్థానంలో ఒక క్లోరిన్‌ను ఉంచితే ఈ ఆమ్లం వస్తుంది. సమీకరణంగా రాస్తే ఒక్క పంక్తి. అయితే మొదటి హైడ్రోజన్‌ను తొలగించిన క్లోరిన్, రెండోదాని జోలికి పోకుండా ఎలా ఆపాలి అన్నదే అసలు ప్రశ్న. ఈ ఆమ్లం తయారీలో ప్రయోగశాలలో పడిన పాట్లూ, కర్మాగారంలో పెట్టిన ఖర్చూ చాలావరకు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి. నా ప్రసంగమంతా కూడా దాని చుట్టూనే సాగుతుంది.

చరిత్రలో ముందుగా దొరికింది ఒక క్లోరిన్ ఉన్న ఆమ్లం కాదు, మూడు క్లోరిన్లున్న ఆమ్లం. 1839 ప్రాంతంలో ఫ్రాన్సులో ఝాన్ బాప్టిస్ట్ డ్యూమా, ఎసిటిక్ ఆమ్లాన్ని క్లోరిన్ వాయువుతో కలిపి ఎండలో ఉంచి ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లాన్ని పొందాడు. ఎండ తగిలిన క్లోరిన్ ఎక్కడా ఆగకుండా మూడు హైడ్రోజన్లనూ తీసేసింది. ఆయనను ఆశ్చర్యపరిచిన విషయం వేరే ఉంది. మూడు హైడ్రోజన్లు పోయి మూడు క్లోరిన్లు వచ్చినా, ఆ పదార్థం ఇంకా ఎసిటిక్ ఆమ్లంలాగే ప్రవర్తిస్తోంది, అదే రకమైన లవణాలను ఇస్తోంది. అప్పట్లో రసాయనశాస్త్రాన్ని శాసిస్తున్న బెర్జీలియస్ సిద్ధాంతం ప్రకారం హైడ్రోజన్ ధనాత్మకం, క్లోరిన్ రుణాత్మకం. ఒకదాని స్థానంలో మరొకటి కూర్చుంటే పదార్థం స్వభావమే తలకిందులు కావాలి. అలా కాలేదు. ప్రతిక్షేపణ అనే భావన రసాయనశాస్త్రంలో నిలదొక్కుకోవడానికి ఈ ఆమ్లం బలమైన సాక్ష్యంగా నిలిచింది. 1842లో మెల్సెన్స్ పొటాషియం అమాల్గంతో, అంటే పాదరసంలో కలిపిన పొటాషియంతో, ఆ మూడు క్లోరిన్లను తిరిగి తొలగించి, ఎసిటిక్ ఆమ్లాన్ని మళ్లీ రాబట్టి చూపించాక వాదన మరింత గట్టిపడింది. 1845లో కోల్బే కార్బన్ డైసల్ఫైడ్‌తో మొదలుపెట్టి, కార్బన్ టెట్రాక్లోరైడ్, టెట్రాక్లోరోఇథిలీన్‌ల మీదుగా ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లానికి చేరుకొని, అక్కడి నుంచి ఎసిటిక్ ఆమ్లాన్ని తయారుచేశాడు. జీవుల ప్రమేయం లేకుండా ఒక సేంద్రియ ఆమ్లాన్ని కట్టిన ఆ దారిలో చివరి మజిలీ కూడా ఈ క్లోరిన్ ఆమ్లమే. ఇంత గొప్ప పాత్ర పోషించిన పదార్థాన్ని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంతో దాటవేయడం నాకు బాధ కలిగిస్తుంది. అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలిచాను.

ఒక క్లోరిన్ ఉన్న ఆమ్లం 1843లో ఫెలిక్స్ లెబ్లాంక్ చేతికి వచ్చింది, కానీ అది శుద్ధమైనది కాదు. శుద్ధ రూపంలో అది దొరకడానికి 1857 వరకు ఆగవలసి వచ్చింది. ఆ ఏడాదే రైన్‌హోల్డ్ హాఫ్‌మన్ మరుగుతున్న గ్లేషియల్, అంటే నీరు దాదాపు లేని, ఎసిటిక్ ఆమ్లంలోకి ఎండలో క్లోరిన్‌ను పంపి దాన్ని సాధించాడు. అదే ఏడాది వుర్ట్జ్ మరో వైపు నుంచి, క్లోరోఎసిటైల్ క్లోరైడ్‌ను నీటితో విడగొట్టి దాన్ని పొందాడు. మూడు క్లోరిన్లను ఎక్కించడం 1839 నాటికే చేతనైతే, ఒక్క క్లోరిన్ దగ్గర ఆపి శుభ్రంగా బయటకు తీయడానికి మరో 18 ఏళ్లు పట్టిందన్నమాట.

ఎండలో ఆపడం ఎందుకు కష్టమో చూద్దాం. కాంతి క్లోరిన్ అణువును రెండు పరమాణువులుగా చీలుస్తుంది. జత లేని ఎలక్ట్రాన్‌తో తిరిగే ఆ పరమాణువు దొరికిన హైడ్రోజన్‌నల్లా లాక్కుంటుంది, ఆ వెంటనే గొలుసుకట్టు చర్య సాగిపోతుంది. ఇది స్వేచ్ఛా ప్రాతిపదికల దారి. ఎసిటిక్ ఆమ్లానికీ, అప్పటికే ఒక క్లోరిన్ ఎక్కిన ఆమ్లానికీ మధ్య ఈ దారి పెద్దగా తేడా చూపదు. కాబట్టి పాత్రలో కొంత ఎసిటిక్ ఆమ్లం చర్య జరగకుండా ఇంకా మిగిలి ఉండగానే, మరికొంత రెండో క్లోరిన్‌ను కూడా ఎక్కించుకుంటుంది.

రెండో దారి ఉత్ప్రేరకం చూపించే దారి. ఎర్ర భాస్వరం కొద్దిగా వేస్తే చర్య సాఫీగా సాగుతుందని ప్రయోగశాలల్లో తెలిసింది. 1881లో హెల్, 1887లో ఫోల్‌హార్డ్, జెలిన్‌స్కీ ఇదే తరహాలో ఆమ్లాలకు బ్రోమిన్‌ను చేర్చే పద్ధతిని స్థిరపరిచారు. ముగ్గురి పేర్లూ కలిపి ఆ చర్యకు పెట్టుకున్నాం. భాస్వరం చేసే పని ఏమిటంటే, ఆమ్లంలో కొంత భాగాన్ని ఆమ్ల క్లోరైడ్‌గా, అంటే ఎసిటైల్ క్లోరైడ్‌గా మార్చడం. ఎసిటిక్ ఆమ్లం ఎనాల్ రూపంలోకి మారడానికి దాదాపు ఇష్టపడదు. ఎసిటైల్ క్లోరైడ్ మాత్రం, చర్యలో పుట్టే హైడ్రోజన్ క్లోరైడ్ సమక్షంలో తేలికగానే మారుతుంది. ఎనాల్‌లో కార్బన్ల మధ్య ద్విబంధం ఏర్పడుతుంది, ఆ ద్విబంధం మీద క్లోరిన్ అణువు చర్య జరుపుతుంది, క్లోరోఎసిటైల్ క్లోరైడ్ వస్తుంది. అది పక్కనే ఉన్న ఎసిటిక్ ఆమ్లంతో ఇచ్చిపుచ్చుకుంటుంది: తాను క్లోరోఎసిటిక్ ఆమ్లంగా మారి, ఆ ఎసిటిక్ ఆమ్లాన్ని కొత్త ఎసిటైల్ క్లోరైడ్‌గా చేస్తుంది. అలా ఉత్ప్రేరకం మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి కొద్ది మోతాదే సరిపోతుంది.

ఈ యంత్రాంగాన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఆపడం ఎక్కడ సాధ్యమో, ఎక్కడ చేజారుతుందో ఇందులోనే కనిపిస్తుంది. పాత్రలో ఎసిటిక్ ఆమ్లం పుష్కలంగా ఉన్నంతకాలం క్లోరోఎసిటైల్ క్లోరైడ్‌కు ఇచ్చిపుచ్చుకునే తోడు దొరుకుతుంది, అది వెంటనే ఆమ్లంగా మారి క్షేమంగా బయటపడుతుంది. ఎసిటిక్ ఆమ్లం తగ్గేకొద్దీ ఆ తోడు కరవవుతుంది, క్లోరోఎసిటైల్ క్లోరైడ్ అలాగే మిగిలిపోయి తానే ఎనాల్‌గా మారి రెండో క్లోరిన్‌ను తీసుకుంటుంది. రెండు క్లోరిన్లున్న డైక్లోరో ఆమ్లం బెడద చర్య ముగింపు దశలో ఎక్కువయ్యేది ఇందువల్లనే. చివరి చుక్క ఎసిటిక్ ఆమ్లాన్ని కూడా మార్చాలని పట్టుబట్టిన వారు డైక్లోరో రూపంలో మూల్యం చెల్లిస్తారు.

ప్రయోగశాలలో ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడానికి తూకం చాలు. ఒక హైడ్రోజన్ పోయి ఒక క్లోరిన్ వస్తే ప్రతి మోల్‌కు 34.5 గ్రాముల బరువు పెరుగుతుంది. 60 గ్రాముల ఎసిటిక్ ఆమ్లంతో మొదలుపెడితే పాత్ర బరువు 34.5 గ్రాములు పెరిగే దగ్గరకు వచ్చేసరికి క్లోరిన్‌ను ఆపాలి. తరువాత స్వేదనం. ఇక్కడ నా విద్యార్థి దశలోని ఒక అనుభవం చెప్పాలి. ఆ రోజు మేము మామూలు అలవాటు ప్రకారం చల్లని నీరు ప్రవహించే కండెన్సర్‌ను అమర్చాం. ఈ ఆమ్లం 189 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, 63 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఆవిరి చల్లని గొట్టంలోకి వచ్చి ద్రవంగా కారకుండా లోపలే తెల్లని స్ఫటికాలుగా పేరుకొని దారి మూసేసింది. వెనక వేడి పాత్ర, ముందు మూసుకుపోయిన గొట్టం. పక్కనున్న అధ్యాపకుడు మంట తీసేయకపోయి ఉంటే ఏం జరిగేదో తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. ఇటువంటి పదార్థాలకు గాలితో చల్లబడే గాజు గొట్టమే వాడాలి, అది కూడా అవసరమైతే వెచ్చబరచుకోవడానికి వీలుగా ఉండాలి.

మరో చిన్న విషయం. ఈ ఆమ్లం ఒకే స్ఫటిక రూపంలో గడ్డకట్టదు. స్థిరమైన ఆల్ఫా రూపం 63 డిగ్రీల దగ్గర కరిగితే, బీటా రూపం 56 దగ్గర, గామా రూపం 52 దాటాక కరుగుతాయి. తక్కువ ద్రవీభవన స్థానం వచ్చిందని తన నమూనా అశుద్ధమనుకొని పారేసే విద్యార్థి, నిజానికి శుద్ధ పదార్థాన్నే పారేస్తూ ఉండవచ్చు.

ఇక పరిశ్రమకు వస్తాను. ఈ ఆమ్లానికి పెద్దఎత్తున గిరాకీ పుట్టించినది నీలిరంగు. 1890లో కార్ల్ హాయ్‌మన్ ప్రతిపాదించిన కృత్రిమ ఇండిగో తయారీ మార్గాల్లో ఒకటి అనిలీన్‌తోను, రెండోది ఆంత్రానిలిక్ ఆమ్లంతోను మొదలవుతుంది. రెండింటిలోనూ రెండో ముడిసరుకు క్లోరోఎసిటిక్ ఆమ్లమే. బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ 1897లో మార్కెట్‌లోకి తెచ్చిన కృత్రిమ నీలి ఆ రెండో మార్గంలో తయారైంది. ఈ రోజుల్లో ఎక్కువ భాగం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్‌కు పోతుంది. టూత్‌పేస్టును చిక్కగా ఉంచేదీ, ఐస్‌క్రీమ్‌లో మంచు పలుకులు పెరగకుండా చూసేదీ, చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదను పట్టి ఉంచేదీ అదే. 2,4-డి కలుపు మందు, థయోగ్లైకోలిక్ ఆమ్లం, గ్లైసీన్, షాంపూల్లోని బీటైన్లు కూడా దీని నుంచే వస్తాయి.

ఇప్పుడు ప్రపంచంలో ప్రధానంగా నడిచే పద్ధతి ఎసిటిక్ ఆమ్లాన్ని నేరుగా క్లోరిన్‌తో చర్య జరపడం. భాస్వరం స్థానంలో ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌ను వాడతారు. అది పాత్రలోని హైడ్రోజన్ క్లోరైడ్‌తో కలిసి ఎసిటైల్ క్లోరైడ్‌ను ఇస్తుంది, తడి ఉంటే దాన్ని కూడా మింగేస్తుంది, చివరకు తాను ఎసిటిక్ ఆమ్లంగా లేదా క్లోరోఎసిటిక్ ఆమ్లంగానే మారుతుంది. ఉత్పత్తిలో బయటి పదార్థం ఏదీ మిగలదు. ఉత్ప్రేరకం ఎంపికలో ఇంతటి పొందిక అరుదు. నీరు మాత్రం చొరబడకూడదు. తడి చేరిందంటే ఆమ్ల క్లోరైడ్ విడిపోయి చర్య మందగిస్తుంది.

లెక్క కూడా చూడండి. ఒక టన్ను మోనోక్లోరోఎసిటిక్ ఆమ్లానికి సిద్ధాంతరీత్యా 635 కిలోల ఎసిటిక్ ఆమ్లం, 751 కిలోల క్లోరిన్ కావాలి. దానితోపాటు 386 కిలోల హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. కొన్న క్లోరిన్‌లో సగం ఉత్పత్తిలోకి పోతే మిగతా సగం హైడ్రోజన్ క్లోరైడ్‌గా బయటకు వస్తుంది. దాన్ని నీటిలో పీల్చి హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా అమ్ముకోగలిగిన కర్మాగారమే నిలబడుతుంది. ఆ వాయువు బయటకు పోతూ తనతో ఎసిటైల్ క్లోరైడ్ ఆవిరిని, అంటే మన ఉత్ప్రేరకాన్నే, మోసుకుపోతుంది. అందువల్ల ముందు దాన్ని చల్లబరచి, ఎసిటిక్ ఆమ్లంతో కడిగి, దొరికినదాన్ని రియాక్టర్‌కు తిరిగి పంపుతారు. ఉత్ప్రేరకం ఖర్చు ఎంతన్నది ఈ కడుగుడు ఎంత బాగా జరుగుతుందన్న దానిమీద చాలావరకు ఆధారపడుతుంది.

రియాక్టర్ పొడవాటి స్తంభంలా ఉంటుంది, అడుగు నుంచి క్లోరిన్ బుడగలుగా పైకి వస్తుంది. పైకి చేరేలోపు క్లోరిన్ మొత్తం ఖర్చయిపోవాలి. లేకపోతే హైడ్రోజన్ క్లోరైడ్‌లో క్లోరిన్ కలిసి, అమ్మదగిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం పాడవుతుంది. చర్య వేడిని పుట్టిస్తుంది. ఉష్ణోగ్రతను 85 నుంచి 120 డిగ్రీల మధ్య పట్టి ఉంచాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ ఈ మిశ్రమానికి తట్టుకోదు కాబట్టి లోపల గాజుపూత ఉన్న గ్లాస్ లైన్డ్ రియాక్టర్లు వాడతారు. ఆ పూతలో సూది మొనంత చిల్లు పడినా ఆమ్లం కింది ఉక్కును తినేస్తుంది. అందుకే విద్యుత్ మెరుపుతో చిల్లులను పట్టించే స్పార్క్ టెస్టర్‌తో పూతను అంగుళం అంగుళం పరీక్షిస్తారు. ఆ పని విసుగు పుట్టించేదే, కానీ దాన్ని తొందరలో ముగించిన చోట నష్టం ఎంత వస్తుందో నేను కళ్లారా చూశాను.

ఎంత జాగ్రత్తపడినా రియాక్టర్ నుంచి వచ్చే ద్రవంలో కొన్ని శాతాల డైక్లోరో ఆమ్లం ఉంటుంది. దాన్ని స్వేదనంతో వేరుచేద్దామంటే కుదరదు. ఒకటి 189 డిగ్రీల దగ్గర, మరొకటి 194 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఐదు డిగ్రీల తేడాతో, అదీ ఇంత తినేసే గుణమున్న ద్రవంతో స్తంభాలు నడపడం గిట్టుబాటు కాదు. గడ్డకట్టే ఉష్ణోగ్రతల్లో మాత్రం ప్రకృతి మనకు సహకరించింది. మోనో ఆమ్లం 63 డిగ్రీల దగ్గర గడ్డకడితే, డైక్లోరో ఆమ్లం సుమారు 13 డిగ్రీల వరకు ద్రవంగానే ఉంటుంది. మిశ్రమాన్ని నెమ్మదిగా చల్లబరిస్తే మోనో ఆమ్లం స్ఫటికాలుగా విడిపోతుంది, డైక్లోరో ఆమ్లం మదర్ లిక్కర్‌లో, అంటే స్ఫటికాలు విడిపోయాక మిగిలే ద్రవంలో, ఉండిపోతుంది. తొందరపడి చల్లబరిస్తే స్ఫటికాలు చిన్నవై వాటి సందుల్లో మదర్ లిక్కర్ ఇరుక్కుంటుంది, ఎంత కడిగినా పూర్తిగా పోదు. ఈ దశలో మంచి ఆపరేటర్ అనుభవానికి సాటి వచ్చేది లేదు.

సమస్య అక్కడితో తీరదు. మదర్ లిక్కర్‌ను రియాక్టర్‌కు తిరిగి పంపితే డైక్లోరో ఆమ్లం ప్రతి చుట్టుకూ పేరుకుంటుంది, పారేద్దామంటే అందులో విలువైన మోనో ఆమ్లం ఉంటుంది. దీనికి దొరికిన జవాబే హైడ్రోజనీకరణం. కరిగిన ఆమ్లాన్ని పల్లాడియం ఉత్ప్రేరకం మీదుగా హైడ్రోజన్‌తో పంపితే, డైక్లోరో ఆమ్లం తన రెండు క్లోరిన్లలో ఒకదాన్ని వదులుకొని మోనో ఆమ్లంగా మారుతుంది. వ్యర్థమనుకున్నది సరుకైంది. గమనించారా, ఇక్కడ కూడా పాత ప్రశ్నే తలకిందులుగా ఎదురైంది: రెండో క్లోరిన్‌ను తీసిన హైడ్రోజన్ మొదటిదాన్ని కూడా తీసేస్తే మళ్లీ ఎసిటిక్ ఆమ్లం దగ్గరికే వస్తాం. ఒకే కార్బన్ మీద రెండు క్లోరిన్లు ఉన్నప్పుడు బంధం తేలికగా తెగుతుంది, ఒక్కటే మిగిలినప్పుడు అంత తేలికగా తెగదు. ఆ తేడాను ఆసరాగా తీసుకొని ఉత్ప్రేరకాన్ని, ఉష్ణోగ్రతను సరిచూసుకుంటారు.

ఇంత పోరాటం లేకుండా, ముందే లెక్కపెట్టిన క్లోరిన్‌తో మొదలుపెట్టవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అలాంటి పద్ధతి కూడా ఉంది. ట్రైక్లోరోఇథిలీన్‌ను సుమారు 75 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 130 నుంచి 140 డిగ్రీల దగ్గర జల విశ్లేషణ చేస్తే, ఒక కార్బన్ మీది రెండు క్లోరిన్లూ హైడ్రోజన్ క్లోరైడ్‌గా పోయి అది కార్బాక్సిల్ సమూహంగా మారుతుంది. రెండో కార్బన్ మీది ఒక్క క్లోరిన్ అలాగే ఉండిపోతుంది. రెండో క్లోరిన్ ఎక్కే అవకాశమే లేదు కాబట్టి డైక్లోరో ఆమ్లం లేని చాలా శుద్ధమైన సరుకు వస్తుంది. ఒకప్పుడు ఈ పద్ధతికి మంచి ఆదరణ ఉండేది. కానీ టన్ను ఆమ్లానికి 1.39 టన్నుల ట్రైక్లోరోఇథిలీన్ కావాలి, 772 కిలోల హైడ్రోజన్ క్లోరైడ్ వచ్చిపడుతుంది, అంటే మొదటి పద్ధతికి సరిగ్గా రెట్టింపు. పైగా ట్రైక్లోరోఇథిలీన్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. శుద్ధతలో గెలిచిన పద్ధతి ముడిసరుకు దగ్గర ఓడిపోయింది.

మిగతా ఇద్దరు తోబుట్టువుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లానికి ప్రయోగశాలలో అనువైన దారి క్లోరాల్‌ను నైట్రిక్ ఆమ్లంతో ఆక్సీకరించడం; మూడు క్లోరిన్లూ ముందే స్థానాల్లో ఉంటాయి. డైక్లోరో ఆమ్లాన్ని కూడా క్లోరాల్ హైడ్రేట్ నుంచే పొందవచ్చు. క్లోరిన్ల సంఖ్యతోపాటు ఆమ్ల బలం కూడా పెరుగుతుంది. ఆమ్ల బలాన్ని కొలిచే పి.కె.ఎ. విలువ తగ్గేకొద్దీ ఆమ్లం బలమైనదన్నమాట; అది ఎసిటిక్ ఆమ్లానికి 4.76, మోనో ఆమ్లానికి 2.86, ట్రైక్లోరో ఆమ్లానికి 0.66. క్లోరిన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కోవడం వల్ల, ఒక్క క్లోరిన్ చేరగానే ఆమ్లం సుమారు 80 రెట్లు బలపడుతుంది.

చివరగా, ఈ ఆమ్లంతో పనిచేయబోయే వారికోసం ఒక మాట. తయారైన సరుకు పలుకులుగానో, కరిగించిన వేడి ద్రవంగానో, 80 శాతం నీటి ద్రావణంగానో రవాణా అవుతుంది. గొట్టాల్లో గడ్డకట్టకుండా వెంట ఆవిరి గొట్టాలు నడపాలి. కార్బన్‌కూ క్లోరిన్‌కూ మధ్య ఉన్న ఏ బంధం దీన్ని ఇంత పనికొచ్చే ముడిసరుకుగా చేసిందో, అదే బంధం శరీరంలోనూ పనిచేస్తుంది. ఈ ఆమ్లం చర్మం గుండా త్వరగా లోపలికి పోతుంది, ఎంజైముల్లోని గంధక సమూహాలతో చర్య జరిపి కణాల శక్తి ఉత్పత్తిని దెబ్బతీస్తుంది. శరీరంలో పదో వంతుకు మించని చర్మం మీద పడినా ప్రాణాలు పోయిన ఉదంతాలు నమోదయ్యాయి. పడిన వెంటనే గాయం చిన్నదిగా కనిపించవచ్చు, మనిషి నిలబడి మాట్లాడుతూ ఉండవచ్చు. వాంతులు, కలవరం, రక్తంలో ఆమ్లత పెరగడం, గుండె లయ తప్పడం, మూత్రపిండాలు దెబ్బతినడం గంటల తరువాత వస్తాయి. అందుచేత దుస్తులు తీసేసి, ధారాళంగా నీటితో కడుగుతూ, గాయం ఎంతటిదన్న చర్చ పెట్టుకోకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏ రసాయనం పడిందో వైద్యుడికి పేరుతో సహా చెప్పాలి, మామూలు ఆమ్లపు కాలిన గాయం అనుకొని ఇంటికి పంపేయకుండా పరిశీలనలో ఉంచమని కోరాలి. ఈ వివరాలు రాసిన కాగితం ఒకటి అత్యవసర షవర్ పక్కనే, వెంట తీసుకుపోవడానికి వీలుగా ఉంచాలి.

మీ ప్రశ్నలు ఇప్పుడు అడగవచ్చు.